జాబితాలో చిన్న అక్షరాల పేర్లు: మారిషస్ గవర్నర్లు, అధ్యక్షులు

2002 ఫిబ్రవరి 15 నుంచి 25 దాకా, పదకొండు రోజుల్లో మారిషస్ అధ్యక్ష పదవిలో నలుగురు కనిపిస్తారు. 15న కాసిం ఉతీమ్ దిగిపోయారు. ఆ రోజే బాధ్యత తీసుకున్న ఉపాధ్యక్షుడు అంగిడి చెట్టియార్ 18న తానూ దిగిపోయారు. ప్రధాన న్యాయమూర్తి అరిరంగ పిళ్లై వచ్చి కూర్చున్నారు. 25న కార్ల్ ఆఫ్‌మన్ ఎన్నికయ్యారు. గోడ మీద ఫొటోల వరుసలో వీళ్లలో ఇద్దరే ఉంటారు, ఉతీమ్, ఆఫ్‌మన్. మధ్యలో ఇద్దరినీ చిన్న అక్షరాల్లో, పక్కన ‘తాత్కాలిక’ అని వేస్తారు, లేదా అసలు వెయ్యరు. కానీ ఆ వారంలో జరిగిన అసలు పని, అంటే ఉగ్రవాద నిరోధక చట్టం మీద సంతకం, చేసింది ఆ చిన్న అక్షరాల మనిషే.

మారిషస్ ఏలికల జాబితాను చాలామంది పరీక్షలకు బట్టీ పట్టినట్టు చదువుతారు: డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఆపై గవర్నర్ జనరల్స్, ఆపై అధ్యక్షులు. ఆ చదువు తప్పు కాదు గానీ, అలా చదివితే ఏమీ తెలియదు. ఆ పదవిలో ఎవరున్నారన్నది ఒక ప్రశ్న. ఆ రోజు కలం ఎవరి చేతిలో ఉంది, వద్దనే హక్కు ఆయనకుందా అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి జవాబు ఎక్కువసార్లు ఇన్‌చార్జి పేర్ల దగ్గరే దొరుకుతుంది.

మొదటి అధ్యాయం త్వరగా ముగించేయవచ్చు. డచ్చివాళ్లు 1598లో దిగి, తమ రాకుమారుడు మారిట్స్ పేరు పెట్టారు. 1638లో కొర్నేలిస్ హోయెర్ నాయకత్వంలో మొదటి వలస మొదలైంది. 1658లో ఖాళీ చేశారు, 1664లో మళ్లీ వచ్చారు, 1710లో పూర్తిగా వెళ్లిపోయారు. వీళ్లను గవర్నర్లు అని రాయడం చాలా జాబితాల్లో ఉన్న మొదటి తప్పు. వాళ్లు డచ్ ఈస్టిండియా కంపెనీ కమాండర్లు. రెండో విడతలో వాళ్ల పైఅధికారి గుడ్ హోప్ అగ్రంలో ఉండేవాడు. రెండో కమాండర్ ఆడ్రియాన్ వాన్ డెర్ స్టెల్ జావా నుంచి చెరకునూ దుప్పులనూ తెప్పించాడు. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు ఆ దీవి రాజకీయమంతా ఆ చెరకు చుట్టూనే తిరిగింది.

ఫ్రెంచివాళ్లు 1715లో జెండా పాతి ఇల్ ద ఫ్రాన్స్ అని పేరు మార్చారు. 1735లో వచ్చిన మాహె ద లా బూర్దొనేతోనే అసలు పాలన మొదలైందని చెప్పాలి. పోర్ట్ లూయీ రేవు, గవర్నమెంట్ హౌస్, ఓడల మరమ్మతు, ఆసుపత్రి, అన్నీ ఆయన కాలంలోవే. మన వైపు ఆయన పేరు తెలిసేది ఇంకో కారణంగా. 1746 సెప్టెంబరులో ఇక్కడి నుంచి నౌకాదళం తీసుకెళ్లి మద్రాసును పట్టుకున్నది ఈయనే. 11 లక్షల వరహాల విమోచన సొమ్ముకు ఊరు తిరిగి ఇచ్చేస్తానని ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. పుదుచ్చేరిలో ఉన్న డూప్లే ఒప్పుకోలేదు. ఇద్దరు గవర్నర్లు, ఒకే రాజు, ఒకే ఊరి మీద రెండు సంతకాలు. చివరికి లా బూర్దొనే పారిస్‌లోని బాస్టీల్ జైలుకు వెళ్లాడు. నిర్దోషి అని తేలినా ఎక్కువకాలం బతకలేదు, 1753లో పోయాడు.

ఆయన తర్వాత వచ్చిన బార్తెలెమీ దవీద్ 1748లో మోకా ప్రాంతంలో, రెండు లోయల మధ్య కొండ కొమ్ము మీద ఒక భవనం కట్టించాడు. పేరు లె రెద్వీ, అంటే దాక్కునే చోటు. శత్రువు సముద్రం మీద నుంచి వస్తే ఆడవాళ్లనూ పిల్లలనూ అక్కడ దాచవచ్చని చెప్పుకున్న కారణం. పోర్ట్ లూయీ ఉక్కపోత నుంచి తప్పించుకోవడం కూడా కారణమే అయి ఉంటుందని అనుమానించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. 1748 నుంచి ఈ రోజు దాకా దేశాధినేత అధికార నివాసం అదే. జెండాలు మారాయి, బిరుదులు మారాయి, కిరీటం పోయింది, ఇల్లు మాత్రం మారలేదు.

1767లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ చేతి నుంచి రాజు చేతికి దీవి వెళ్లినప్పుడు ఒక విచిత్రమైన ఏర్పాటు వచ్చింది. గవర్నర్ జనరల్‌కు సైన్యం, నౌకలు. ఇంటెండెంట్‌కు డబ్బు, న్యాయం, వ్యవసాయం. మొదటి జంట ద్యుమా, పియెర్ ప్వావ్ర్. ఇద్దరికీ క్షణం పడలేదు. పాంప్లెమూస్ తోటకు లవంగం, జాజికాయ మొక్కలు రప్పించిన ప్వావ్ర్ పేరు నిలిచింది. ద్యుమాను 1768లోనే వెనక్కి పిలిచారు. జాబితాలో మాత్రం గవర్నరుగా ద్యుమా ఉంటాడు, ప్వావ్ర్ ఉండడు. జాబితా చూసి చరిత్ర రాస్తే వచ్చే ఇబ్బంది ఇదే.

బానిసత్వ రద్దు ఉత్తర్వు తీసుకుని 1796లో విప్లవ ప్రభుత్వ ప్రతినిధులు ఇద్దరు, బాకో, బ్యుర్నెల్, పారిస్ నుంచి వచ్చారు. గవర్నరు మలార్తిక్. తోటల యజమానులు ఆ ఇద్దరినీ కొద్ది రోజుల్లోనే మళ్లీ ఓడ ఎక్కించి పంపేశారు, ఉత్తర్వు అమలు కాలేదు. గవర్నరు చేతికి అధికారం ఉండటం వేరు, దీవిలో అది చెల్లడం వేరు. ఈ సంగతి ఇంకో నలభై ఏళ్లకు ఇంగ్లీషువాళ్లకూ అర్థమవుతుంది.

చివరి ఫ్రెంచి పాలకుడు దెకాన్. గవర్నరు అని రాస్తారు గానీ నెపోలియన్ ఇచ్చిన హోదా కెప్టెన్ జనరల్. కాగితం మీద భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాలు కూడా ఆయన కిందే, అంటే పుదుచ్చేరితో పాటు మన యానాం కూడా. 1803లో పుదుచ్చేరి దాకా వచ్చి, యుద్ధం మళ్లీ మొదలవుతోందని తెలిసి దీవికి వెళ్లిపోయాడు. నీళ్ల కోసం, మరమ్మతు కోసం ఆగిన ఇంగ్లీషు నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్‌ను ఆరేళ్లకు పైగా, 1803 డిసెంబర్ నుంచి 1810 జూన్ దాకా, నిర్బంధించింది కూడా ఈయనే.

1810 నవంబర్ 29న ఇంగ్లీషు సైన్యం ఉత్తరాన కాప్ మలరో దగ్గర దిగింది. డిసెంబర్ 3న లొంగుబాటు పత్రం. ఈ పత్రం చదవకుండా తర్వాతి గవర్నర్లు ఎవరూ అర్థం కారు. నివాసుల మతం, చట్టాలు, ఆచారాలు, ఆస్తి అలాగే ఉంటాయని అందులో హామీ ఇచ్చారు. అందుకే ఇంగ్లీషు గవర్నరు ఏలిన దీవిలో ఫ్రెంచి సివిల్ కోడ్ నడిచింది. అందుకే చెరకు తోటల యజమానులు ప్రతి గవర్నరు ముందూ ఆ పత్రాన్ని బల్ల మీద పెట్టి మాట్లాడారు. 1814 పారిస్ ఒప్పందంలో దీవి పూర్తిగా ఇంగ్లండుదైంది, పక్కనున్న బూర్బాన్ (ఇప్పటి రియూనియన్) మాత్రం ఫ్రాన్సుకు తిరిగి వెళ్లింది.

మొదటి ఇంగ్లీషు గవర్నరు రాబర్ట్ ఫార్కర్. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువులో మొదలై, అంబోయినా, పెనాంగ్ చూసి వచ్చినవాడు. జాబితాలో ‘1810–1823’ అని ఒక్క గీతలో ఉంటుంది. ఆ గీతలో పెద్ద చిల్లు ఉంది. 1817 నుంచి 1820 దాకా ఆయన సెలవు మీద ఇంగ్లండులో ఉన్నాడు. ఆ మూడేళ్లలో ముగ్గురు ఇన్‌చార్జులు, హాల్, డాల్‌రింపుల్, డార్లింగ్.

వీళ్లలో హాల్ కథ తెలుసుకోవాలి. 1817 అక్టోబరులో ఫార్కర్ తరఫున మడగాస్కర్ రాజు రదామాతో ఒక ఒప్పందం కుదిరింది. బానిసల ఎగుమతి ఆపితే ఏటా బంగారంలో వెయ్యి డాలర్లు, వెండిలో వెయ్యి, నూరు పీపాల తుపాకి మందు, నూరు తుపాకులు, సైనికులకు దుస్తులు, ఇంకా రెండు గుర్రాలు. రదామా తన మాట నిలబెట్టుకున్నాడు. సొమ్ము ఇవ్వాల్సిన సమయానికి పీఠంలో ఉన్నది హాల్. ఇవ్వనన్నాడు. ఒప్పందం పడిపోయింది, బానిసల ఓడలు మళ్లీ కదిలాయి. ఫార్కర్ తిరిగొచ్చాక 1820లో మళ్లీ మొదటి నుంచి బేరమాడాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే, దీవి లోపల దొంగచాటు బానిస వ్యాపారం మీద ఫార్కర్ కంటే కఠినంగా ఉన్నది కూడా ఈ హాలే. అందుకే ‘చెడ్డ ఇన్‌చార్జి’ అని ముద్ర వేసి పక్కన పెట్టేయడం కుదరదు. ఆయన పేరు జాబితాలో లేకపోతే మాత్రం 1818లో మడగాస్కర్ ఒప్పందం ఎందుకు విరిగిందో ఎవరికీ అర్థం కాదు.

1832లో ఇంకో ముచ్చట. బానిసత్వ రద్దుకు సిద్ధం చేయడానికి లండన్ నుంచి జాన్ జెరెమీ అనే ప్రభుత్వ న్యాయవాదిని పంపారు. అద్రియెన్ దెపినే నాయకత్వంలో యజమానులు ఊరంతా బంద్ చేశారు, దుకాణాలు తెరవలేదు. గవర్నరు కోల్విల్ చేతులెత్తేసి జెరెమీని తిరుగు ఓడ ఎక్కించాడు. మలార్తిక్ కాలం నాటి దృశ్యమే, జెండా మారిందంతే. జెరెమీ మరుసటి ఏడు మళ్లీ వచ్చాడు, 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. యజమానులకు పరిహారం ముట్టింది, బానిసలకు దక్కింది అప్రెంటిస్ అనే ఇంకో కట్టుబాటు.

ఈలోపే, 1834 నవంబర్ 2న, అట్లాస్ అనే ఓడలో భారతీయ కూలీలు పోర్ట్ లూయీలో దిగారు. దాదాపు ఎనభై ఏళ్లలో నాలుగున్నర లక్షల మంది వచ్చారు. తూర్పు తీరం నుంచి వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడ పడిన పేరు ‘కొరంగి’. మన కోరంగి రేవు పేరు అది. ఓడ ఎక్కిన ఊరే జాతి పేరైపోయింది.

ఇక్కడి నుంచి గవర్నర్ల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడాలి. 1842 నుంచి 1849 దాకా విలియం గోమ్. ఈయన్ని ప్రపంచమంతా గుర్తుంచుకున్నది ఆయన భార్య విందు వల్ల. 1847 సెప్టెంబరులో ఒక పెన్నీవి 500, రెండు పెన్నీలవి 500 తపాలా బిళ్లలు అచ్చయ్యాయి, మీద ‘పోస్ట్ ఆఫీస్’ అని చెక్కి ఉంది. లేడీ గోమ్ నృత్య విందు ఆహ్వానాలకు వాటిలో కొన్ని అతికించారు. ఇప్పుడు వాటి ధర వింటే కళ్లు తిరుగుతాయి. గోమ్ పాలన గురించి అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పరు.

హెన్రీ బార్క్లీ (1863–70) కాలంలో 1867 చట్టం వచ్చింది. ఒప్పందం పూర్తిచేసుకుని ‘పాత వలసదారు’ అయిన కూలీ ఫొటో అతికించిన పాసు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. పాసు లేకపోతే పోలీసు పట్టుకుంటాడు. అదే ఏడు మలేరియా ఊళ్లను ఊడ్చేసింది. బార్క్లీ తర్వాత వచ్చిన ఆర్థర్ గోర్డన్ దగ్గరకు 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోటల పర్యవేక్షకుడు 9,401 మంది పాత వలసదారుల పేరుతో అర్జీ తెచ్చాడు. ఆ అర్జీ వల్లే రాయల్ కమిషన్ వచ్చింది, 1875లో దాని నివేదిక వెలువడింది. గోర్డన్‌ను మెచ్చుకోవాలి, యజమానులు మండిపడుతున్నా అర్జీని తొక్కిపెట్టలేదు. అదే గోర్డన్ తర్వాత ఫిజీకి గవర్నరుగా వెళ్లి, అక్కడికి భారతీయ కూలీల పద్ధతిని తీసుకెళ్లాడు. 1879లో మొదటి ఓడ ఫిజీ చేరింది. ఒకే మనిషి గురించి రెండు దీవుల్లో రెండు మాటలు వినిపించడానికి కారణం అది.

పోప్ హెన్నెసీ (1883–89) ఐర్లండువాడు, ‘మారిషస్ మారిషియన్లదే’ అన్న నినాదం వైపు మొగ్గాడు. 1885 రాజ్యాంగంతో మండలిలోకి పది మంది ఎన్నికైన సభ్యులు మొదటిసారి వచ్చారు. తన కింది అధికారి క్లిఫర్డ్ లాయిడ్‌తో ఆయనకు పెద్ద తగాదా వచ్చింది. లండన్ విచారణకు పంపిన హెర్క్యులిస్ రాబిన్సన్ 1886 చివర్లో గవర్నరునే పక్కన పెట్టాడు. మరుసటి ఏడు లండన్ మళ్లీ నిలబెట్టింది. జాబితాలో ఇదీ ‘1883–1889’ అని సాఫీగా కనిపిస్తుంది.

1937లో బీడ్ క్లిఫర్డ్ గవర్నరుగా వచ్చిన ఏడే చెరకు ధర మీద అల్లర్లు, కాల్పులు. ఆయన తర్వాతి మెకంజీ కెనెడీ కాలంలో వచ్చిన 1947 రాజ్యాంగం మనకు దగ్గరగా ఉండే సంగతి. ఓటుకు ఆస్తి అడగడం పోయింది, చదవడం రాయడం వస్తే చాలు. ఏ భాషలో అన్న దానికి ఇచ్చిన జాబితాలో ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందుస్తానీ, తమిళం, ఉర్దూ, గుజరాతీ, చైనీసు, క్రియోల్‌తో పాటు తెలుగు కూడా ఉంది. 12 వేలలోపు ఉన్న ఓటర్లు ఒక్కసారిగా 70 వేలు దాటారు. 1948 ఎన్నికల తర్వాత మండలి ముఖమే మారిపోయింది. చీకటి పడ్డాక బైఠకాల్లో, గుడి పక్క గదుల్లో అక్షరాలు దిద్దించిన వాళ్లకు ఇందులో గవర్నరు కంటే పెద్ద వాటా ఉంది.

చివరి గవర్నరు జాన్ షా రెనీ. 1965 నవంబరులో చాగోస్ దీవుల్ని మారిషస్ నుంచి విడదీయడానికి మంత్రి మండలి ఒప్పుకున్న కబురు లండన్‌కు చేరింది ఆయన ద్వారానే. పైఅధికారి గది బయట నిలబెట్టి తీసుకున్నట్టున్న ఒప్పుకోలు అది. అందుకే 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం, అది ప్రజల స్వేచ్ఛాభిప్రాయం కాదని చెప్పింది.

1968 మార్చి 12. పోర్ట్ లూయీలో జనవరి అల్లర్ల వేడి తగ్గలేదని రాజకుటుంబం నుంచి రావాల్సిన యువరాణి అలెగ్జాండ్రా రాలేదు. షాం ద మార్స్ గుర్రప్పందాల మైదానంలో జెండా మారింది. రెనీ ఆ రోజు గవర్నరు పదవి నుంచి గవర్నర్ జనరల్ అయ్యారు. ఇల్లు అదే, టోపీ అదే. మారిందల్లా, నిన్నటిదాకా లండన్ మంత్రి మాట విన్న కలం, ఇవాళ్టి నుంచి పోర్ట్ లూయీ ప్రధాని మాట వింటుంది. మనుషుల్ని లెక్కపెడితే రెనీ ఒక్కరు, పదవుల్ని లెక్కపెడితే రెండు. ‘మారిషస్‌కు ఎందరు గవర్నర్లు?’ అని అడిగితే రెండు వెబ్‌సైట్లు రెండు అంకెలు చెప్పడానికి ఇదొక కారణం. సరిగ్గా 24 ఏళ్లకు, 1992 మార్చి 12న, ఇదే తంతు వీరసామి రింగడుతో జరిగింది. పొద్దున గవర్నర్ జనరల్, ఆపై మొదటి అధ్యక్షుడు.

మధ్య వరుస చిన్నదే. 1968 ఆగస్టులో రెనీ వెళ్లాక సెప్టెంబర్ 3 దాకా ప్రధాన న్యాయమూర్తి మిషెల్ రివాలాన్ ఇన్‌చార్జి. ఆ తర్వాత లెనర్డ్ విలియమ్స్, బ్రిటిష్ లేబర్ పార్టీ ప్రధాన కార్యదర్శిగా చేసి వచ్చినాయన. 1972 డిసెంబరులో పదవిలో ఉండగానే పోయారు. అప్పుడు వచ్చిన రామన్ ఉస్మాన్ ఈ పదవి చేపట్టిన మొదటి మారిషియన్. ఆపై హెన్రీ గారియోచ్, దయేంద్రనాథ్ బరెంచోబే.

1983 దగ్గర కాస్త ఆగాలి. స్వాతంత్ర్యం తెచ్చిన ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్ 1982 జూన్ ఎన్నికల్లో తన సీటు కూడా పోగొట్టుకున్నారు, ప్రతిపక్షం మారిషస్ దీవిలోని సీట్లన్నీ, 60కి 60, ఊడ్చేసింది. ఏడాదికే గెలిచిన కూటమి చీలింది, కొత్త పొత్తులో రామ్‌గులామ్ పార్టీ చేరింది. ఆయన్ని ఓడించిన అనిరుద్ధ్ జగన్నాథ్ ఇప్పుడు ప్రధానిగా ఆయన్నే గవర్నర్ జనరల్‌గా సిఫారసు చేశారు. ఓడిన పెద్దమనిషిని లె రెద్వీకి పంపడం మర్యాదా, రాజకీయమా అంటే రెండూ. 1985 డిసెంబర్ 15న ఆయనా పదవిలోనే కన్నుమూశారు. నెల రోజులు ప్రధాన న్యాయమూర్తి కాసిం మూలాన్ బాధ్యతలు చూశారు, 1986 జనవరిలో రింగడు వచ్చారు. ‘రింగడు’ అన్న పేరు చూసి మనవాడే అనుకునేవారున్నారు. మారిషస్ లెక్కలో ఆయన తమిళుడు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పాలి, వెతికేవాళ్లకు ఎక్కువగా దెబ్బతగిలేది ఇక్కడే. వలస డిపో గుమాస్తాలు చెవికి విన్నది ఫ్రెంచి పద్ధతిలో రాసుకున్నారు, అదే ఇంటిపేరై తరతరాలకు గడ్డకట్టింది. ‘ప్యురాగ్’ లాగా కనిపించేది ప్రయాగ్. ‘జగ్నోథ్’ అంటే జగన్నాథ్. ‘సీవూసాగర్’ అంటే శివసాగర్. తెలుగువాళ్ల వైపు అప్పన్న, రామన్న లాంటి తాతల పేర్లు ఇంటిపేర్లుగా మిగిలాయి. అందుకే తెలుగులో జాబితా రాసేటప్పుడు ఉచ్చారణ ఒకటి, వాళ్లు రాసుకునే స్పెల్లింగు ఒకటి విడిగా నోట్ చేసుకోవాలి. లేకపోతే పాత గెజిట్‌లో అదే మనిషిని ముగ్గురుగా లెక్కపెడతారు.

గణతంత్రం కూడా ఒక్కసారికి రాలేదు. రాజ్యాంగం మార్చాలంటే సభ మొత్తం సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు కావాలి. 1990లో చేసిన ప్రయత్నం సంఖ్య చాలక పడిపోయింది. 1991 సెప్టెంబర్ ఎన్నికల్లో జగన్నాథ్, మరో పార్టీ నాయకుడు పాల్ బెరాంజే కలిసి కట్టిన కూటమికి సరిపడా సీట్లు వచ్చాయి, డిసెంబరులో సవరణ దాటింది. రాణి పోయింది గానీ ఆఖరి అప్పీలు ఇప్పటికీ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కే వెళ్తుంది.

అధ్యక్షుడి ఎన్నిక మన రాష్ట్రపతి ఎన్నికలా ఉండదు. ఎలక్టోరల్ కాలేజీ లేదు, ఓటు విలువల లెక్కలు లేవు. ప్రధాని సభలో తీర్మానం పెడతారు, చర్చ ఉండదు, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా ఒప్పుకుంటే చాలు. వయసు కనీసం 40, అంతకుముందు అయిదేళ్లు దేశంలో ఉండి ఉండాలి. పదవీకాలం అయిదేళ్లు. ప్రధానికి మెజారిటీ ఉందంటే అధ్యక్షుణ్ణి ఆయన నిర్ణయించినట్టే. తొలగించడం మాత్రం అంత సులువు కాదు, న్యాయమూర్తులుగా చేసినవారితో ఏర్పడిన ట్రిబ్యునల్ విచారించి నివేదిక ఇవ్వాలి. అందుకే ఈ పదవి ఖాళీ అయినప్పుడల్లా రాజీనామా కాగితమే కనిపిస్తుంది తప్ప తొలగింపు తీర్మానం కనిపించదు.

బిల్లు వచ్చినప్పుడు? ద్రవ్య బిల్లు కాకపోతే 21 రోజుల లోపు ఒకసారి సభకు తిప్పి పంపవచ్చు. సభ మళ్లీ ఆమోదిస్తే సంతకం పెట్టాలి. మన 111వ అధికరణానికి దగ్గరగానే ఉంది, కానీ మనకు లేని గడువు అక్కడ ఉంది. జైల్ సింగ్ తపాలా బిల్లును పక్కన పెట్టినట్టు, అవునూ కాదూ అనకుండా బల్ల సొరుగులో దాచడం అక్కడ కుదరదు.

ఇప్పుడు 2002 ఫిబ్రవరి మళ్లీ చూడండి. ఉగ్రవాద నిరోధక బిల్లు. ఉతీమ్ తిప్పి పంపారు, సభ మళ్లీ ఆమోదించి పంపింది. ఇక రాజ్యాంగం ప్రకారం మిగిలినవి రెండు దారులు, సంతకం లేదా రాజీనామా. రెండు విడతలు కలిపి పదేళ్ల పదవీకాలం ముగియడానికి నాలుగు నెలలే ఉంది, ఆయన రాజీనామా ఎంచుకున్నారు. చెట్టియార్ కూడా అదే చేశారు. ఆ తర్వాత ఆ వరుసలో ప్రధాన న్యాయమూర్తి వస్తారు. పిళ్లై సంతకం పెట్టారు, బిల్లు చట్టమైంది. ఈ ఏర్పాటులో నాకు కనిపించే చిక్కు ఒకటుంది. రేపు అదే చట్టం రాజ్యాంగబద్ధమా అని సుప్రీంకోర్టుకు వస్తే, ఆ కోర్టు అధిపతే దానికి సంతకం పెట్టి ఉంటాడు. రాజీనామాతో నిరసన తెలిపిన ఇద్దరూ బరువు మొత్తం న్యాయవ్యవస్థ మీదకు తోశారన్నది నా అభిప్రాయం. వాళ్లకు వేరే దారి లేదన్నదీ నిజమే.

ఆఫ్‌మన్ 2003 అక్టోబరులో దిగారు. 2000 ఎన్నికల పొత్తులోనే రాసుకున్న లెక్క అది. జగన్నాథ్ మొదట ప్రధాని, తర్వాత ఆ కుర్చీ బెరాంజేకు, జగన్నాథ్‌కు లె రెద్వీ. అక్టోబర్ 7న జగన్నాథ్ అధ్యక్షుడయ్యారు. 2012 మార్చి 31న రాజకీయాల్లోకి తిరిగి వెళ్లడానికి రాజీనామా చేశారు. అధ్యక్ష భవనం రాజకీయ జీవితానికి చివరి మజిలీ అన్న అలవాటును ఆయనే తెంచారు, 2014 డిసెంబరులో మళ్లీ ప్రధాని అయ్యారు. ఆ ఎన్నికల్లో ఓడిన కూటమి హామీ ఏమిటంటే ‘రెండో గణతంత్రం’, జనం నేరుగా ఎన్నుకునే, అధికారాలు పెరిగిన అధ్యక్షుడు. అప్పటి ప్రధాని, శివసాగర్ కొడుకు నవీన్ రామ్‌గులామ్ ఆ పీఠానికి, బెరాంజే ప్రధానికి అనుకున్నారు. ఓటర్లు వద్దన్నారు, అధ్యక్షుడు అలంకారంగానే మిగిలారు.

2012లో వచ్చిన కైలాశ్ ప్రయాగ్ ప్రభుత్వం మారాక 2015 మేలో తప్పుకున్నారు. ఆయన రాకముందూ, వెళ్లాకా, రెండుసార్లూ మధ్యకాలం చూసింది ఉపాధ్యక్షురాలు మోనిక్ ఓసాన్ బెల్‌పో. మొదటి మహిళా అధ్యక్షురాలు అంటే అందరూ 2015 జూన్‌లో ఎన్నికైన జీవశాస్త్రవేత్త అమీనా గురీబ్ ఫకీమ్ పేరు చెబుతారు. ఎన్నికైనవారిలో అది నిజం. ఆ కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టిన మొదటి మహిళ ఎవరంటే మాత్రం చిన్న అక్షరాల్లో ఉన్న బెల్‌పో. క్విజ్‌లు పెట్టేవాళ్లు ప్రశ్న జాగ్రత్తగా రాయాలి.

గురీబ్ ఫకీమ్ 2018 మార్చి 23న దిగిపోయారు. ఒక స్వచ్ఛంద సంస్థ ఇచ్చిన క్రెడిట్ కార్డు వాడకం మీద వచ్చిన వివాదం అది. తప్పు చేయలేదని ఆమె అన్నారు. రాజ్యాంగం చదివేవాళ్లకు ఆసక్తి కలిగించేది కార్డు కాదు, రాజీనామాకు ముందు వారంలో ఆమె తన చేత్తో విచారణ కమిషన్ వేయడం. 64వ సెక్షన్ ప్రకారం రాజ్యాంగం విడిచిపెట్టిన కొన్ని పనులు తప్ప మిగతావన్నీ మంత్రివర్గం సలహా మీదే చేయాలి. కమిషన్ వేయడం ఆ కొన్నిటిలో లేదని ప్రభుత్వం అడ్డుపడింది. అంటే ‘సంతకం పెట్టను’ అనడానికి ఒకసారి వీలుంది, ‘నేనే పెడతాను’ అనడానికి లేదు. తర్వాత ఏడాదిన్నర పైగా ఉపాధ్యక్షుడు బార్లెన్ వ్యాపూరి ఇన్‌చార్జిగా నడిపారు. ఆఫ్‌మన్ పూర్తిస్థాయి పదవీకాలమంత ఉంది ఈ ఇన్‌చార్జి కాలం. అయినా అక్షరాలు చిన్నవే. 2019 డిసెంబర్ 2న పృథ్వీరాజ్‌సింగ్ రూపన్, 2024 డిసెంబరులో ధరమ్ గోకుల్.

సొంతంగా జాబితా తయారుచేసుకునేవాళ్లు పేరు, ఏళ్లు అన్న రెండు గడులతో సరిపెట్టుకోవద్దు. పేరు కాక కనీసం ఆరు కావాలి. బిరుదు (కమాండర్, గవర్నర్, కెప్టెన్ జనరల్, గవర్నర్ జనరల్, అధ్యక్షుడు), నియమించింది ఎవరు, నియామకం తేదీ, ప్రమాణం చేసిన తేదీ, ఎలా దిగారు, ఇన్‌చార్జా కాదా. నియామకానికీ ప్రమాణానికీ మధ్య ఓడ ప్రయాణం నెలలు తినేది, అందుకే పాత పుస్తకాల్లో ఒకే గవర్నరుకు రెండు ప్రారంభ సంవత్సరాలు కనిపిస్తాయి. ప్రమాణం తేదీనే పట్టుకోండి. ఆ రోజు నుంచే సంతకం చెల్లుతుంది. సరిహద్దులకు ఇంకో గడి పెడితే మంచిది. సీషెల్స్ 1903 దాకా మారిషస్ గవర్నరు కిందే ఉండేది, ఆ ముందు గవర్నర్ల ఉత్తర్వులు రెండు దేశాల చరిత్రకూ చెందుతాయి. వలస కాలంలో ఇన్‌చార్జి అంటే ఎక్కువగా సైన్యాధిపతి లేదా కలోనియల్ సెక్రటరీ. స్వాతంత్ర్యం తర్వాత ప్రధాన న్యాయమూర్తి. 1992 నుంచి ముందు ఉపాధ్యక్షుడు, ఆయనా లేకపోతే ప్రధాన న్యాయమూర్తి. పేరు దొరకని ఖాళీ కనిపిస్తే, ఆ ఏడు ఆ హోదాలో ఎవరున్నారో చూస్తే సగం సార్లు జవాబు దొరికిపోతుంది.